చెట్టు కింద పారేస్తున్న వగరు

మార్చి నుంచి మే దాకా అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోని జీడిమామిడి తోటల్లో రోజూ సాగేది ఒకటే పని. రాలిన పండును ఏరతారు. దాని అడుగున వేలాడే పిక్కను మెలితిప్పి ఊడదీస్తారు. పిక్క గోనెసంచిలోకి వెళ్తుంది, పండు చెట్టు కిందే ఉండిపోతుంది. పిక్కకు ధర ఉంది, ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది, కొనడానికి వ్యాపారి వస్తాడు. పండుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పిల్లలు ఉప్పూ కారం అద్దుకొని కొన్ని తింటారు, పశువులు కొన్ని తింటాయి, మిగిలినవి ఒకటి రెండు రోజుల్లో పులిసి, ఈగలు ముసిరి, నేలలో కలిసిపోతాయి. ఇదే మండలానికి దగ్గర్లోని నర్సీపట్నంలోనూ, ఇంకాస్త దూరంలోని విశాఖపట్నంలోనూ మందుల దుకాణాల అరల్లో విటమిన్ సి మాత్రలు, పసుపు సారం గుళికలు, గ్రీన్ టీ పొట్లాలు యాంటీఆక్సిడెంట్ అన్న మాట ముద్రించుకొని అమ్ముడవుతున్నాయి. తిండిలోని వగరునూ చేదునూ ముదురు రంగునూ ఒక చేత్తో ఏరి పారేస్తూ, అదే సరుకును ఇంకో చేత్తో డబ్బిచ్చి సీసాల్లో కొంటున్నాం. నలభై ఏళ్ల శాస్త్ర పరిశోధన ఈ కొనుగోలును పెద్దగా సమర్థించడం లేదు. పారేస్తున్నదాని విలువను మాత్రం ఎప్పటికప్పుడు గుర్తు చేస్తూనే ఉంది. ఈ కథనం చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆ పండు సంగతి. జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని మన పశ్చిమ తీరానికి తెచ్చారు. మనం పండు అంటున్నది వృక్షశాస్త్రం లెక్కలో అసలు పండే కాదు, ఉబ్బిన కాడ. అసలు కాయ అడుగున వేలాడే పిక్క. కాడే అయినా అందులో ఉన్న సరుకు తక్కువది కాదు. రకాన్ని బట్టీ పక్వాన్ని బట్టీ మారుతున్నా, నూరు గ్రాముల పండులో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుందని అనేక పరీక్షలు తేల్చాయి. నారింజలో ఉండేది 50 దరిదాపుల్లో. పసుపు, ఎరుపు తొక్కల్లో కెరోటినాయిడ్లు ఉన్నాయి, ఎర్ర రకాల్లో ఆంథోసయనిన్లు కూడా ఉన్నాయి. వీటన్నిటితో పాటు, గొంతును పట్టేసే టానిన్లు. నోట్లో వగరు తగలడానికి కారణం స్పష్టంగా తెలిసిందే. లాలాజలంలో నాలుకను జారుడుగా ఉంచే మాంసకృత్తులు కొన్ని ఉంటాయి. టానిన్లు వాటిని పట్టుకొని గడ్డకట్టిస్తాయి. జారుడు పోతుంది, నోరు పిడచకట్టినట్టవుతుంది. చెట్టుకు ఇది ఆత్మరక్షణ. పచ్చికాయ దశలో పురుగూ పిట్టా తినకుండా కాపాడుకోవడానికి చాలా మొక్కలు తయారు చేసుకునే రసాయనాలే ఈ పాలీఫినాల్ కుటుంబం. మనం యాంటీఆక్సిడెంట్లు అని పేరు పెట్టుకున్న వాటిలో పెద్ద భాగం ఇవే. నాలుక వద్దన్నదీ, మందుల దుకాణం అమ్ముతున్నదీ ఒకే వర్గానికి చెందిన సరుకు.

ఎంత పోతోందో ఒక చిన్న లెక్క వేయవచ్చు. పండు బరువు పిక్క బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుంది. ఎకరానికి రెండు క్వింటాళ్ల పిక్కలు వచ్చాయనుకుందాం. అంటే తక్కువలో తక్కువ 12 క్వింటాళ్ల పండు. కిలోకు 2 గ్రాముల చొప్పున చూస్తే అందులో 2.4 కిలోల విటమిన్ సి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాములు కావాలని నిర్దేశించింది. ఒక ఎకరం తోట కింద రాలిపోయే పండులో ముప్పై వేల మంది ఒక రోజు అవసరానికి, మరోలా చెబితే ఎనభై మంది ఏడాది అవసరానికి సరిపడే విటమిన్ ఉందన్నమాట. ఇది కాగితం మీది లెక్కే. పండంతా రసం కాదు, రసంలోని విటమిన్ అంతా నిలవదు, కొంత నలిగిపోతుంది, కొంత వేడికి పోతుంది. సగానికి సగం కొట్టేసినా, కాదు, పదోవంతే మిగిలిందన్నా, ఒక్క ఎకరానికి అది చిన్న సంఖ్య కాదు. గొలుగొండ, రోలుగుంట, నాతవరం వైపు కొండవాలు తోటలు ఎన్ని ఎకరాలున్నాయో ఆ ప్రాంతం చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం, చాలా బలమైనది. యాంటీఆక్సిడెంట్లు ఆరోగ్యానికి మేలు చేస్తాయని అసలు రుజువైందా? రుజువు కాని దానికోసం పండు పోతోందని బాధపడడం ఎందుకు? ఈ ప్రశ్నను దాటవేసే హక్కు ఈ విషయం మీద రాసే ఎవరికీ లేదు. 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. శరీరంలో ప్రాణవాయువు వాడకం వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాలను దెబ్బతీస్తాయనీ, ముసలితనానికి అవే మూలమనీ దాని సారాంశం. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు వీటిని అణిచే, మన కణాల్లోనూ ఉండే ఎంజైమును కనుగొన్నారు. ఆ ఊహకు బలం వచ్చింది. కూరగాయలూ పళ్లూ ఎక్కువగా తినేవారికి క్యాన్సర్లూ గుండెజబ్బులూ తక్కువన్న పరిశీలనలు దానికి తోడయ్యాయి. రెంటినీ కలిపి, ఆ పళ్లలోని సారాన్ని మాత్రగా ఇస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. ఆలోచన ఎంత సహజంగా ఉందంటే, దాన్ని పరీక్షించడం లాంఛనమే అనిపించింది.

పరీక్ష ఎదురుతిరిగింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై జరిగిన అధ్యయన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో 18,314 మందితో మొదలైన కేరెట్ అధ్యయనంలో ఆ పెరుగుదల 28 శాతం. దాన్ని 1996లో అనుకున్న గడువుకంటే 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ ఇ, సెలీనియంలతో 35 వేలకు పైగా మగవారిపై జరిగిన సెలెక్ట్ అధ్యయనం 2011లో చెప్పింది కూడా ఇలాంటిదే: విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఇవి చిన్నాచితకా పరీక్షలు కావు. ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో చీటీ వేసినట్టు నిర్ణయించి, ఏళ్ల తరబడి గమనించిన పరీక్షలు. సీసా మీద యాంటీఆక్సిడెంట్ అన్న మాట చదివి డబ్బు తీసేముందు ఈ మూడు ఫలితాలైనా తెలిసి ఉండాలని నా కోరిక.

అయితే ఫిన్లాండ్ అధ్యయనంలోనే ఇంకో సమాచారం ఉంది. దాన్ని చాలామంది గమనించరు. అధ్యయనం మొదలైనప్పుడు, మాత్రలేవీ ఇవ్వకముందు, ఎవరి తిండిలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉందో, ఎవరి రక్తంలో అది ఎక్కువగా కనిపించిందో, వారికి తర్వాతి కాలంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వచ్చింది. అదే మనుషులు, అదే పదార్థం. తిండి ద్వారా ఎక్కువగా అందినవారు కొంత మెరుగ్గా ఉన్నారు, మాత్ర మింగినవారు నష్టపోయారు. ఆకుకూర తినేవాడు ఇతర అలవాట్లలోనూ జాగ్రత్తపరుడై ఉంటాడని వాదించవచ్చు, ఆ వాదనలో నిజం ఉంది. కానీ అదొక్కటే కారణమైతే మాత్ర మేలు చేయకుండా ఊరుకోవాలి, కీడు ఎందుకు చేసినట్టు? మోతాదూ, ఏ తోడుతో వచ్చిందన్నదీ, ఎంత నెమ్మదిగా ఒంటికి పట్టిందన్నదీ ముఖ్యమన్న వివరణే నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఆ నమ్మకానికి శరీరధర్మం నుంచి కూడా ఆధారం ఉంది. మనం తినే పాలీఫినాల్స్ రక్తంలోకి చేరేది చాలా కొద్ది. చాలావాటి గాఢత లీటరుకు ఒక మైక్రోమోల్ దాటదు. అదే రక్తంలో విటమిన్ సి 50 మైక్రోమోల్స్ దాకా, యూరిక్ ఆసిడ్ 200 నుంచి 400 దాకా ఉంటాయి. అంత తక్కువగా ఉన్నది నేరుగా ఫ్రీ రాడికల్స్‌ను పట్టి చంపుతుందని చెప్పడం కష్టం. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ఈ విషయాన్ని చక్కగా బయటపెట్టారు. యాపిల్ తిన్నాక రక్తంలో యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం పెరగడం నిజమే. కానీ ఆ పెరుగుదలకు కారణం యాపిల్‌లోని ఫ్లేవనాయిడ్లు కావు, దానిలోని ఫ్రక్టోజ్ చక్కెర వల్ల పెరిగిన యూరిక్ ఆసిడ్. పరీక్షగొట్టంలో వచ్చిన అంకెను పొట్టలోకి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఓరాక్ అనే కొలమానంతో వందల ఆహారపదార్థాలకు అంకెలిచ్చి పట్టిక పెట్టిన అమెరికా వ్యవసాయ శాఖ, ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం చూపలేమని చెప్పి 2012లో దాన్ని తొలగించింది. ఇప్పటికీ కొన్ని సరుకుల ప్రకటనల్లో అవే అంకెలు తిరుగుతున్నాయి.

మరి మేలు ఎలా జరుగుతున్నట్టు? పేగుల్లో పీల్చుకోని భాగం పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి చిన్న అణువులుగా మారుస్తాయి, వాటిలో కొన్ని రక్తనాళాల గోడల మీద పనిచేస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. మొక్క తన శత్రువుల కోసం తయారు చేసుకున్న ఈ ఘాటు పదార్థాలు మన కణాలకు కొద్దిపాటి ఇబ్బంది కలిగిస్తాయి. కణం ఉలిక్కిపడి తన సొంత రక్షణ ఎంజైములను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. వ్యాయామం కండకు చేసే పని లాంటిదే ఇది. కొద్ది బరువు కండను పెంచుతుంది, మితిమీరిన బరువు చీలుస్తుంది. తిండి మోతాదుకూ గుళిక మోతాదుకూ ఫలితం ఎందుకు వేరవుతుందో ఈ దారిలో ఆలోచిస్తే కొంత అర్థమవుతుంది. మనుషులపై పెద్ద పరీక్షల్లో ఆశ చూపినవి లేకపోలేదు. కోకోలోని ఫ్లేవనాల్స్‌ను రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి 21,442 మంది పెద్దవయసువారిని గమనించిన కాస్మోస్ అధ్యయనం 2022లో వచ్చింది. ప్రధాన లక్ష్యమైన మొత్తం గుండెజబ్బుల సంఖ్యలో నిర్ణయాత్మకమైన తేడా రాలేదు. గుండె సంబంధ మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఆశ పెట్టుకోవచ్చు, చాటింపు వేసే స్థాయి ఇంకా రాలేదు.

గొలుగొండ నుంచి పశ్చిమంగా చూస్తే కనబడే కొండలు మన్యం. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్నదీ ఈ మండలంలోనే. అక్కడి నుంచి పైకి వెళ్తే ఆయన పేరే పెట్టుకున్న జిల్లా, చింతపల్లి, పాడేరు, కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన గిరిజన రైతులు పండించే ఈ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాఫీ మాట ఎందుకంటే, నార్వే, అమెరికా లాంటి దేశాల్లో ప్రజలకు తిండిలో అందే యాంటీఆక్సిడెంట్లలో అతి పెద్ద వాటా పళ్లది కాదు, కాఫీదని లెక్కలు తేలాయి. వారు పళ్లు తక్కువ తింటారనీ, కాఫీ చాలా తాగుతారనీ కూడా దానికి అర్థం. పచ్చి అరబికా గింజ బరువులో నూటికి ఆరేడు వంతులు క్లోరోజెనిక్ ఆమ్లాలే. వేపుడు పెరిగేకొద్దీ అవి తరుగుతాయి, నల్లగా మాడ్చిన గింజలో దాదాపు పోతాయి. వాటి బదులు వేపుడులో పుట్టే గోధుమరంగు పదార్థాలు కొంత భర్తీ చేస్తాయి. తాగిన క్లోరోజెనిక్ ఆమ్లంలో చిన్నపేగు పీల్చుకునేది దాదాపు మూడో వంతే, మిగతాది పెద్దపేగు సూక్ష్మజీవుల వాటా. పాలు పోస్తే గుణం పోతుందా అన్నది మన ఇళ్లలో రోజూ వచ్చే ప్రశ్న. బెర్లిన్‌లో 16 మంది మహిళలపై 2007లో చేసిన పరీక్షలో, టీ వల్ల రక్తనాళాలకు కలిగే మేలును పాలు అడ్డుకున్నాయని తేలింది. పాలు పోసినా టీలోని కాటెచిన్లు రక్తంలోకి చేరాయని చెప్పిన పరీక్షలూ ఉన్నాయి. తగవు తేలలేదు. తేలిందల్లా, మన గ్లాసులో అసలు సమస్య పాలకంటే చక్కెర అని.

కాఫీ తోటలోనూ జీడితోట కథే జరుగుతోంది. ఎర్రని కాఫీ పండును యంత్రంలో వేసి గింజ తీశాక, తొక్కా గుజ్జూ గుట్టలుగా మిగిలిపోతాయి. వాటిలోనూ పాలీఫినాల్స్ దండిగా ఉన్నాయి. యెమెన్‌లో ఆ తొక్కను ఎండబెట్టి, అల్లం వేసి, ఖిష్ర్ అనే పానీయంగా శతాబ్దాలుగా కాచుకుంటున్నారు. మన కొండల్లో అది ఎక్కువగా ఎరువే.

పసుపు విషయం ఇంకా లోతైనది. మన తెలుగు నేల మీదే జరిగిన పరిశోధన ఒకటి ఇందులో ఉంది. కూనూరులో 1918లో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రవేత్తలు 16 మంది పొగతాగేవారికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపును 30 రోజులు ఇచ్చి చూశారు. వారి మూత్రంలో జన్యువులను మార్చే హానికర పదార్థాలు తగ్గాయి. 1992లో అచ్చైన ఆ ఫలితంలో నన్ను ఆకట్టుకునేది మోతాదు. ఒకటిన్నర గ్రాములంటే మన ఇళ్లలో పప్పులోనూ కూరలోనూ పడేదే. పదహారు మందితో క్యాన్సర్ గురించి ఏమీ తేల్చలేం, ఆ శాస్త్రవేత్తలు తేల్చామని అనలేదు కూడా. తర్వాత ప్రపంచం పట్టుకున్నది ఈ దారిని కాదు. పసుపులో నూటికి మూడు పాళ్ల లోపో పైనో ఉండే కర్క్యుమిన్‌ను విడదీసి, గ్రాముల లెక్కన గుళికల్లో నింపింది. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ఆ పరిశోధనలన్నిటినీ వడపోసి, కర్క్యుమిన్ అస్థిరమైన అణువనీ, రక్తంలోకి సరిగా చేరదనీ, పరీక్షగొట్టంలో తప్పుడు ఆశ చూపిస్తుందనీ తేల్చి రాశారు. రక్తంలోకి చేరడానికి మిరియంలోని పైపరిన్‌ను కలపవచ్చని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల బృందం 1998లోనే చూపింది. 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడైతే కర్క్యుమిన్ శోషణ 20 రెట్లు పెరిగింది. గుళికల కంపెనీలు దీన్నీ అందిపుచ్చుకున్నాయి. ఆ తర్వాత ఇటలీ నుంచీ అమెరికా నుంచీ పసుపు గుళికలు మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదవుతున్నాయి. గ్రీన్ టీ సారం గుళికలపైనా ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో అలాంటి హెచ్చరికే చేసింది. కప్పులో కాచుకున్న గ్రీన్ టీకి ఆ హెచ్చరిక లేదు. చారులో పసుపూ మిరియమూ కలిపి తాగే ఇంటికీ వర్తించదు.

అనకాపల్లి పేరు చెప్పి బెల్లం ఊసు ఎత్తకపోతే కుదరదు. చెరకు రసంలో ఉండే ఫినాలిక్ పదార్థాలూ, కాగేటప్పుడు పుట్టే గోధుమరంగు పదార్థాలూ కలిసే బెల్లానికి ముదురు రంగునిస్తాయి. మార్కెట్ మాత్రం పచ్చగా మెరిసే దిమ్మకే ఎక్కువ ధర కడుతుంది. అందుకే రసంలో హైడ్రోస్ కలిపి తెల్లబరచే అలవాటు పెరిగింది. రంగు పోగొట్టడానికి రసాయనం, ఆ రసాయనం మిగిలిందేమోనని మళ్లీ పరీక్ష. ముదురు బెల్లం సారా కాయడానికి వెళ్తుందన్న అనుమానమూ రైతును లేతరంగు వైపు నెడుతోంది. అయినా బెల్లాన్ని మందుగా చూపించడం నాకు సమ్మతం కాదు. ఎంత ముదురుదైనా అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరే. దాన్ని పంచదార బదులు వాడుకోవచ్చు, పండు బదులు కాదు. చోళ్ల, అంటే రాగుల సంగతి వేరు. ఆ గింజ చిన్నది కావడం వల్ల పైపొర తీయడం కష్టం, తీయరు కూడా. ఫినాలిక్ పదార్థాలు ఎక్కువగా ఉండేది ఆ ఎర్రపొరలోనే. చోడి అంబలి తాగేవారికి అవి అడక్కుండానే అందుతాయి.

పాలిష్ పట్టిన బియ్యం, తెల్లబరచిన బెల్లం, మాడ్చిన కాఫీ, తొక్క తీసిన జీడిపప్పు. అన్నిటిలోనూ పోయింది ఒకే కోవ పదార్థం. జీడిపప్పు మీది ఎర్రటి పొట్టులో కాటెచిన్, ఎపికాటెచిన్ దండిగా ఉన్నాయి. టీని ఆరోగ్యపానీయంగా చెప్పుకునేది వాటి కుటుంబం వల్లే. పలాసలోనో మోరిలోనో ఆ పొట్టును ఒలిచి తెల్లటి పప్పుకు గ్రేడు కడతారు. పొట్టు తోళ్లు ఊనే పరిశ్రమకు పనికొచ్చే సరుకుగా మిగులుతుంది. వినియోగదారుడు తెలుపును కోరుకున్నంతకాలం పరిశ్రమ దాన్నే ఇస్తుంది. ఇందులో రైతు తప్పూ లేదు, కార్మికుడి తప్పూ లేదు.

రెండో అభ్యంతరం వైద్యుల వైపు నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసుకొని ఒంటికి అందకుండా చేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి చోట వగరును పొగడడం ప్రమాదం కాదా? ఆకుకూర, పప్పు, అన్నం మీద బతికే మనిషికి భోజనంతోపాటు టీ కాఫీలు పడితే ఇనుము నష్టమవడం నిజమే. అందుకే జాతీయ పోషకాహార సంస్థ రూపొందించి 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దన్నాయి. అయితే టానిన్ అడ్డుకునే ఇనుమును విడిపించి ఒంటికి పట్టించేది విటమిన్ సి. జీడిపండులో ఆ రెండూ ఒకేచోట ఉన్నాయి. ఏది పైచేయి అవుతుందన్నది పండు రకాన్ని బట్టి, వగరు ఎంత తీశామన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి రక్తహీనతకు ఇది మందు అని ఎవరూ ప్రచారం చేయకూడదు. వగరు తగ్గించి తయారు చేసిన రసాన్ని భోజనం పక్కన ఇవ్వడం మాత్రం పోషకశాస్త్రం ప్రకారం తప్పు కాదు. అంగన్‌వాడీల్లో, వసతి గృహాల్లో దీన్ని కొలిచి చూడదగిన పరీక్షగా చేపట్టాలని నేను కోరుతున్నాను.

వగరు తగ్గించడం అన్నాను. ఇక్కడ నా వాదనలోనే ఒక చిక్కు ఉంది. టానిన్లు మంచివంటూనే వాటిని తీసేయమంటున్నట్టు వినిపించవచ్చు. రసం వగరు పోగొట్టే పద్ధతి పాతదే. సగ్గుబియ్యం గంజినో, జెలటిన్‌నో కలిపితే టానిన్లు దాన్ని పట్టుకొని అడుగుకు దిగుతాయి, పైన తేట రసం మిగులుతుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన మాడక్కత్తర కేంద్రం ఇలాంటి రసంతో సిరప్పులూ, పండుతో జామూ తయారు చేసి చూపింది. బ్రెజిల్‌లోని పియావీ రాష్ట్రంలో తేటపరచిన రసాన్ని సీసాల్లో నింపి, మూతపెట్టి, వేడినీళ్లలో ఉడికించి, తేనెరంగు వచ్చేదాకా ఉంచుతారు. మత్తు లేని ఆ పానీయం పేరు కజుయీనా. దాని తయారీ సంప్రదాయాన్ని ఆ దేశం 2014లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. పూర్తిగా పారేసే పండుకూ, వగరు కొంత పోయి విటమిన్ సి చాలావరకు మిగిలిన రసానికీ మధ్య ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. రసం తీశాక మిగిలే పిప్పిలో టానిన్లూ పీచూ ఉంటాయి, దాన్ని ఎండబెట్టి పిండిలో కలపవచ్చు. ముక్కలు కోసి ఉప్పునీటిలో ఊరబెట్టి పచ్చడి పెట్టేవారు ఎంతోకొంత వగరును ఉంచుకుంటూనే రుచి రాబడతారు. ఉసిరికాయనూ, లేత మామిడినీ ఇష్టపడే నాలుకలు మనవి. పిక్క పెంకులోని జిడ్డు రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది కాబట్టి, పిక్క తీసేటప్పుడు పెంకు పగలకుండా చూసి పండును కడగాలన్న జాగ్రత్త ఒక్కటి మరవకూడదు.

సారా సంగతీ చెప్పాలి. గోవాలో జీడిపండు నుంచి తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడ దానికి లైసెన్సులూ ఉన్నాయి. మన దగ్గర ఇంట్లో సారా కాయడం నేరం. అందుకే పండు అనగానే సారా గుర్తొచ్చి అధికారులు వెనకడుగు వేస్తారు. పులిసే గుణం చక్కెర ఉన్న ప్రతి పండుకూ ఉంటుంది. ఆ భయంతో మామిడి రసాన్ని ఎవరూ ఆపలేదు.

ఇక రైతు అభ్యంతరం. నిజానికి అన్నిటికంటే గట్టిది ఇదే. పండు ఎవరు కోస్తారు, ఎవరు మోస్తారు, ఎవరు కొంటారు? రాలిన పండు నలుగుతుంది, మట్టి అంటుతుంది. రసానికి పనికిరావాలంటే చెట్టు మీదే కోయాలి, లేదా కింద వలలు పరిచి ఆ పూటే ఏరాలి. అలా కోస్తే కూలి పెరుగుతుంది, పిక్క పక్వానికి రాకముందే తెగే ప్రమాదమూ ఉంది. పండు ఒక రోజు దాటితే పులుస్తుంది కాబట్టి అనకాపల్లికో విశాఖకో లారీలో పంపే ఆలోచన నిలవదు. రసం తీసే చోటు తోటకు రెండు మూడు గంటల దూరంలోనే ఉండాలి, అంటే మండలంలోనే. మొత్తం పండును కాపాడాలన్న ఆశ పెట్టుకోనక్కరలేదు. ఉదయం కోతలో వచ్చిన మంచి పండు పదోవంతు చాలు, దానికి కిలోకు కూలి మించి ధర దొరికితే మహిళా సంఘాలు ఆ పని అందుకుంటాయి. బాపట్ల పరిశోధనా కేంద్రం విడుదల చేసిన బీపీపీ-8 లాంటి రకాలను పిక్క బరువు చూసి సిఫారసు చేశారు. పండు వగరూ రసమూ చూసి కూడా రకాలను బేరీజు వేసే పని అక్కడే జరగాలి.

మూడు నెలల కాపు కోసం యంత్రం పెడితే మిగతా తొమ్మిది నెలలు అది తుప్పు పట్టిపోదా అన్నది చివరికి మిగిలే ప్రశ్న. పండును నలిపి రసం పిండే యంత్రం, వేడి చేసే తొట్టి, సీసాలు నింపే బల్ల జీడిపండుకే ప్రత్యేకమైనవి కావు. మే, జూన్ నెలల్లో మామిడి ఉంది. వానలు తగ్గాక మన్యం నుంచి సీతాఫలం దిగుతుంది. చలికాలంలో ఉసిరి వస్తుంది, వేసవి మొదట్లో చింతపండు. వీటిలో చాలావాటిని కొండమీది గిరిజనులు తెచ్చి అమ్మే సంతలు ఈ దారిలోనే ఉన్నాయి. ఫిబ్రవరి చివర తొట్టి కడిగి సిద్ధం చేసుకుంటే, మార్చిలో మొదటి జీడిపండు రాలేటప్పటికి దానికి పని ఉంటుంది.